మూడు చెట్లూ, ఒక బగ్గూ

మల్టీథ్రెడింగ్ గురించి ఎవరు పాఠం చెప్పినా, రేస్ కండిషన్ దగ్గరికి రాగానే ఒక ఉదాహరణ తరచుగా వినబడుతుంది. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, కెనడాలోని ఒంటారియోలోనూ కలిపి 5 కోట్లమందికి కరెంటు పోయింది, దానికి కారణం ఒహాయోలోని ఒక కంట్రోల్ రూములో అలారం సాఫ్ట్‌వేర్లో ఉన్న బగ్గు అని. బగ్గు ఉన్నమాట నిజమే. కానీ మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, కథలో మన వాటా వినగానే తృప్తిపడి లేచిపోతాం. ఆ బగ్గు ఒక్క లైన్ని కూడా పడగొట్టలేదు. పడగొట్టింది చెట్లు.

ఆరోజు జరిగింది వరసగా చూడండి. మధ్యాహ్నం 2:14కి ఫస్ట్‌ఎనర్జీ అనే కంపెనీ కంట్రోల్ రూములో అలారాలు పనిచెయ్యడం మానేశాయి. మానేశాయన్న సంగతి కూడా అక్కడివాళ్ళకి తెలీలేదు. 3:05కి చాంబర్లిన్-హార్డింగ్ అనే 345 కిలోవోల్టుల లైను చెట్టుకి తగిలి ట్రిప్పయింది. 3:32కి హానా-జూనిపర్, 3:41కి స్టార్-సౌత్ కాంటన్. అవీ చెట్లకి తగిలే. మూడింటి భారమూ పక్కనున్న చిన్న లైన్ల మీద పడి, అవీ ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేశాయి. 4:06కి సామిస్-స్టార్ లైను కూడా పోయాక ఇక ఎవరూ ఆపగలిగింది లేదు. 4:13 ప్రాంతానికల్లా 265కి పైగా విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. న్యూయార్కు నగరంలో ఆ రెండు రోజుల్లో మామూలుకన్నా సుమారు 90 మంది ఎక్కువ చనిపోయారని 2012లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

తీగలో కరెంటు పెరిగితే అది వేడెక్కి, సాగి, కిందికి వేలాడుతుంది. ఎండా, గాలి లేకపోవడమూ తోడైతే ఇంకాస్త. ఇది ఎవరికీ తెలియని విషయం కాదు, డిజైనులోనే లెక్కలోకి తీసుకుంటారు. ఐతే చాంబర్లిన్-హార్డింగ్ ట్రిప్పయ్యేటప్పుడు మోస్తున్నది దాని సామర్థ్యంలో 43.5 శాతమే! హానా-జూనిపర్ 87.5, స్టార్-సౌత్ కాంటన్ 93.2. అంటే మూడు తీగలూ వాటి హద్దుల్లోనే ఉన్నాయి. హద్దు దాటింది చెట్లే. హానా-జూనిపర్ దగ్గరైతే కొమ్మలు కొట్టే మనుషులు ఆ సమయానికి దగ్గర్లోనే పనిలో ఉన్నారు. వాళ్ళింకా ఆ చెట్టు దాకా రాలేదు, అంతే.

మరి కంపెనీ అంత నిర్లక్ష్యంగా ఉందా? అయిదేళ్ళకోసారి కొమ్మలు కొట్టేవాళ్ళు, ఏడాదికి రెండుసార్లు హెలికాప్టర్లో తిరిగి చూసేవాళ్ళు. అప్పటి పరిశ్రమలో ఇది మామూలు పద్ధతే. 1996 జులై 2న ఐడహోలో, ఆగస్టు 10న ఆరెగాన్‌లో చెట్లకి తీగలు తగలడంతో మొదలైన గొడవలకి అమెరికా పడమటి రాష్ట్రాలు చీకట్లో కూర్చున్నాయి. 2003లోనే సెప్టెంబరు 28న స్విట్జర్లాండులో ఒక లైను చెట్టుకి తగిలితే దాదాపు ఇటలీ మొత్తం ఆరిపోయింది.

నాకర్థమైనంతలో లోపం మ్యాపులో ఉంది. అప్పటి మ్యాపుల్లో టవరు ఎక్కడుందో, లైను ఎటు పోతోందో, దాని కింద ఎంత వెడల్పు స్థలం కంపెనీదో ఉండేది. కింద చెట్టు కొనకీ పైన తీగకీ మధ్య ఎంత ఖాళీ ఉందన్నది మాత్రం ఉండేది కాదు. ఎక్స్, వై ఉన్నాయి, జెడ్ లేదు. హెలికాప్టర్లోంచి కిందికి చూసేవాడి కంటికి కూడా సరిగ్గా ఆ ఎత్తే అందదు. పైగా ఆ ఖాళీ స్థిరంగా ఉండదు. తీగ గంటగంటకీ దిగుతుంది, చెట్టు ఏడాదేడాదికీ పెరుగుతుంది.

ఆ జెడ్‌ని ఇచ్చింది లైడార్. హెలికాప్టర్ నుంచి సెకనుకి లక్షల సంఖ్యలో లేజర్ పల్సులు కిందికి పంపి, తిరిగొచ్చే టైముని బట్టి దూరం కొలుస్తారు. జీపీఎస్ సాయంతో ఒక్కో పాయింటుకీ స్థానం కట్టి, ఇది నేల, ఇది తీగ, ఇది చెట్టు అని విడదీస్తారు. తరవాత తీగ పూర్తి లోడు మీద, నిండు వేసవిలో ఎంత దిగుతుందో లెక్కేసి, దానికి ఎన్ని అడుగుల దూరంలో ఏ చెట్టుందో పట్టిక తీస్తారు. కొట్టే వాళ్ళ చేతికి ఫలానా రెండు టవర్ల మధ్య ఫలానా చెట్టు అని చీటీ వస్తుంది.

ఇదంతా కంపెనీలు ముచ్చటపడి చేసింది కాదు. 2005 చట్టం వల్ల గ్రిడ్ ప్రమాణాలు 2007 జూన్ నుంచి తప్పనిసరయ్యాయి, ఉల్లంఘిస్తే రోజుకి 10 లక్షల డాలర్ల దాకా జరిమానా. 2010 అక్టోబరులో, కాగితం మీది లైనుకీ నేలమీది లైనుకీ తేడా ఉందేమో కొలిచి చూడండని గ్రిడ్ ప్రమాణాల సంస్థ నెర్క్ చెప్పింది. లైడార్ సర్వేలకి గిరాకీ పెరిగింది అప్పుడే. మ్యాపుల పని మనకి కొత్తేం కాదు. 1991లో హైదరాబాదులో పుట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ (2014 నుంచి సైయంట్) తొలిరోజుల్లో చేసింది మ్యాపుల డిజిటైజేషనే.

ఐతే 2003 తరవాత వచ్చిన ఆ చెట్ల ప్రమాణం ప్రధానంగా 200 కిలోవోల్టులు, ఆపైన లైన్లకే. ఊళ్ళలోకీ అడవుల్లోకీ పోయే చిన్న లైన్లు దాని పరిధిలోకి రావు. 2021లో కాలిఫోర్నియాలో అలాంటి ఒక చిన్న లైనుకి ఫర్ చెట్టు తగిలి అంటుకున్న డిక్సీ మంట 9.6 లక్షల ఎకరాలు కాల్చేసింది.

అందుకే రేస్ కండిషన్ పాఠం చెప్పేవాళ్ళకి నాదొక మనవి. చెట్ల సంగతి కూడా చెప్పండి. ఆరోజు అలారం మోగుంటే ఆపరేటర్లు మిగతా గ్రిడ్‌ని కాపాడి ఉండేవాళ్ళేమో. కానీ అలారం మోగేది చెట్టు తగిలాకే. తగలబోతోందని కొన్ని నెలల ముందే చెప్పగలిగేది మ్యాపొక్కటే. చెప్పాక మనిషిని పంపి కొట్టించడానికి డబ్బు పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఇప్పటికీ ఏ సాఫ్ట్‌వేరూ తేల్చేది కాదు.