ఇంజను థర్మోస్టాట్ ఉష్ణోగ్రత స్థాయి

ఇంజను థర్మోస్టాట్ అనగా ద్రవంతో చల్లబడే మోటారు వాహన ఇంజనులలో, ఇంజనుకు మరియు రేడియేటరుకు మధ్య కూలెంటు ప్రవాహాన్ని నియంత్రించే కవాటము. ఇది ఏ ఉష్ణోగ్రత వద్ద తెరుచుకోవడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రతను దాని స్థాయి లేదా రేటింగ్ అంటారు. కార్లలో 82, 88, 92 డిగ్రీల సెల్సియస్ (°సె) స్థాయిలు సాధారణముగా కనిపిస్తాయి. థర్మోస్టాట్ మార్చవలసి వచ్చినపుడు ఎంచుకునే స్థాయిని బట్టి ఇంజను మన్నిక, ఇంధన వినియోగం మారుతాయి.

పనిచేయు విధానం

థర్మోస్టాట్‌లో ఒక చిన్న లోహపు గొట్టము, దానిలో ప్రత్యేకమైన మైనము ఉంటాయి. వేడికి మైనము కరిగి వ్యాకోచించి ఒక కడ్డీని నెట్టుతుంది. దానితో కవాటము తెరుచుకుంటుంది. చల్లబడగానే స్ప్రింగు కవాటమును తిరిగి మూసివేస్తుంది. ఈ మైనపు పద్ధతిని 1934లో సెర్గియస్ వెర్నెట్ రూపొందించారు. అంతకు ముందు త్వరగా ఆవిరయ్యే ద్రవము నింపిన ముడుతల లోహపు డబ్బాలు వాడుకలో ఉండేవి. కూలెంటు పీడనము మారితే వీటి పనితీరు కూడా మారేది.

ఇంజను చల్లగా ఉన్నపుడు కవాటము మూసి ఉండి, కూలెంటు బైపాస్ మార్గము ద్వారా ఇంజనులోనే తిరుగుతుంది. అందువలన ఇంజను త్వరగా వేడెక్కుతుంది. స్థాయి ఉష్ణోగ్రత వద్ద కవాటము కొద్దిగా తెరుచుకొని, మరో 10 నుండి 15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది.

స్థాయి దేనిని నిర్ణయిస్తుంది

థర్మోస్టాట్ నిర్ణయించేది ఇంజను కనిష్ఠ ఉష్ణోగ్రతనే గాని గరిష్ఠ ఉష్ణోగ్రతను కాదు. పూర్తిగా తెరుచుకున్న తరువాత 82°సె కవాటానికి, 92°సె కవాటానికి పెద్దగా భేదము లేదు. ఆపై ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందనేది రేడియేటరు, ఫ్యాను, నీటి పంపు, పీడన మూతల సామర్థ్యముపై ఆధారపడుతుంది. కనుక రేడియేటరు పూడుకుపోయి ఇంజను వేడెక్కుతుంటే తక్కువ స్థాయి థర్మోస్టాట్ అమర్చినంత మాత్రాన సమస్య తీరదు. వేడెక్కడము కొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

స్థాయిల చరిత్ర

ఒకప్పుడు చలి దేశాలలో కూలెంటు గడ్డకట్టకుండా నీటిలో మిథనాల్ కలిపేవారు. ఇది సుమారు 65°సె వద్దనే మరుగుతుంది కాబట్టి తక్కువ స్థాయి థర్మోస్టాట్‌లు అవసరమయ్యేవి. ఇథిలీన్ గ్లైకాల్, పీడన మూతలు వాడుకలోకి వచ్చిన తరువాత మరుగు స్థానము పెరిగింది. సుమారు ఒక బార్ అదనపు పీడనములో మామూలు నీరే 120°సె వరకు మరగదు. అందువలన కూలెంటు 90°సె దాటినా ప్రమాదము లేదు. కాలుష్య నియంత్రణ చట్టాలు కూడా ఇంజనులను మరింత వేడిగా నడిపేందుకు దోహదము చేశాయి.

తగని స్థాయి వలన నష్టాలు

* స్థాయి మరీ తక్కువైతే: ఇంధనము సరిగా ఆవిరి కాదు. కొంత భాగము సిలిండరు గోడల మీదుగా జారి నూనెలో కలుస్తుంది. నూనెలో తేమ నిలిచి మడ్డి ఏర్పడుతుంది, అరుగుదల పెరుగుతుంది. ఇంజను ఇంకా వేడెక్కలేదని భావించి నియంత్రణ కంప్యూటరు అదనపు ఇంధనము పంపవచ్చును. కొన్ని కార్లలో హెచ్చరిక దీపము వెలుగుతుంది.
* స్థాయి మరీ ఎక్కువైతే: పెట్రోలు ఇంజనులో నాకింగ్‌కు అవకాశము పెరుగుతుంది. కూలెంటు మరిగే ఉష్ణోగ్రతకు మిగిలే వ్యవధి తగ్గుతుంది. థర్మోస్టాట్ తెరుచుకోకముందే ఫ్యాను తిరగడము మొదలుకావచ్చును.

ఎండ ప్రాంతాలలో

రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45°సె దాటడము కద్దు. ఇటువంటి చోట్ల తక్కువ స్థాయి మేలని అనిపించవచ్చును. అయితే రేడియేటరు వెలువరించే వేడి, కూలెంటుకు బయటి గాలికి మధ్య గల ఉష్ణోగ్రతా భేదానికి సుమారుగా అనులోమానుపాతములో ఉంటుంది. గాలి 45°సె ఉన్నపుడు 92°సె కూలెంటుకు భేదము 47 డిగ్రీలు, 82°సె కూలెంటుకు 37 డిగ్రీలు మాత్రమే. అనగా రెండవ సందర్భములో అదే రేడియేటరు ఐదవ వంతు తక్కువ వేడిని వెలువరిస్తుంది.

వేసవిలో థర్మోస్టాట్‌ను పూర్తిగా తీసివేయుట కూడా సరికాదు. కొన్ని ఇంజనులలో ఇదే కవాటము వేడెక్కిన తరువాత బైపాస్ మార్గాన్ని మూస్తుంది. దానిని తీసివేస్తే కూలెంటులో కొంత భాగము రేడియేటరుకు వెళ్ళకుండానే తిరిగి ఇంజనులోకి చేరి, ఇంజను మరింత వేడెక్కుతుంది.

ఎంపిక, పరీక్ష

వాహన తయారీదారు సూచించిన స్థాయినే ఎంచుకోవాలి. ఇది వాహన పుస్తకములోను, సాధారణముగా పాత థర్మోస్టాట్ అంచు మీద లేదా మైనపు గొట్టము మీద ముద్రించి ఉంటుంది. గాలి పోవుటకు చిన్న రంధ్రము ఉంటే, అమర్చేటప్పుడు అది పైవైపునకు ఉండాలి.

థర్మోస్టాట్‌ను పరీక్షించుటకు దానిని గిన్నె అడుగును తాకకుండా దారముతో నీటిలో వేలాడదీసి, పక్కన ఉష్ణమాపకము ఉంచి నీటిని వేడిచేయాలి. కవాటము ముద్రించిన స్థాయికి దగ్గరలో తెరుచుకొని, చల్లారాక పూర్తిగా మూసుకుంటే అది బాగున్నట్లే. ఇంజను వేడిగా ఉన్నపుడు రేడియేటరు మూత తీయరాదు. పీడనములో ఉన్న కూలెంటు చిమ్మి తీవ్రమైన కాలిన గాయాలు కలుగుతాయి.