చెట్టుకు కట్టిన చీర, ఫ్యాక్టరీలో తొట్టి

హైదరాబాద్ పక్కన జన్వాడ, మొయినాబాద్, చేవెళ్ల దిక్కున పూలతోటలకో కూరగాయల మళ్లకో కూలికి పోయే తల్లి, చంకలో చంటిబిడ్డ ఉంటే ముందు వెతికేది మంచి వేపకొమ్మను. పాత చీరను రెండు మడతలు వేసి, కొమ్మ మీదుగా తీసి ముడి బిగిస్తుంది. రెండు చేతులతో గుంజి చూశాకే బిడ్డను అందులో వేస్తుంది. చీమలకు, కుక్కలకు అందని ఎత్తు, పని చేసే చోటు నుంచి కనిపించేంత దూరం. చూసుకునే మనిషి లేని చోట ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఉండదు.

అయితే ఆ చీరలో బిడ్డ విల్లులా వంగి ఉంటుంది. మెడ నిలవని పసికందుకు గడ్డం ఛాతీకి ఆని ఊపిరి ఇరుకవుతుంది. ఇంట్లో కట్టిన చీర ఊయలలో గిరగిరా తిరుగుతూ ఆడుకునే పెద్దపిల్లల మెడకు గుడ్డ బిగుసుకున్న ఘటనలను మన దేశ వైద్య పత్రికలు నమోదు చేశాయి.

వెల్లకిలా పడుకోబెట్టడం మాత్రం ఇక్కడ ఏ డాక్టరూ చెప్పకముందు నుంచే ఉన్న అలవాటు. తల వెనక చదునవుతుందని ఆవాల దిండు పెట్టేవారు. పసికందుకు ఏ దిండూ వద్దని నేటి వైద్యం అంటుంది, అది వేరే సంగతి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పాశ్చాత్య దేశాల్లో డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమన్నారు. నిద్రలోనే పోతున్న శిశువుల లెక్కలు చూశాక 1991లో బ్రిటన్, 1994లో అమెరికా వెల్లకిలా పద్ధతికి ప్రచారం మొదలుపెట్టాయి. ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అయినా అమెరికాలో అలాంటి మరణాల్లో సుమారు ఐదో వంతు తల్లిదండ్రులు కాక వేరేవారు పిల్లల్ని చూసుకునే చోట్లలోనే జరుగుతున్నాయని 2000లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇంట్లో వెల్లకిలా పడుకునే బిడ్డను అక్కడి ఆయా బోర్లా వేయడం అందుకు ఒక కారణం.

తల్లి పనికి పోయిన చోట బిడ్డ నిద్ర సంగతికొస్తే, బొంబాయి కథ ఇంకా చేదు. నిజాం ఇలాకా నుంచి వలసపోయిన కామాఠీ కూలీల పేరుతోనే అక్కడ కామాఠిపురా వెలిసింది. తెలంగాణ పద్మశాలీలు అక్కడి మిల్లుల్లో బతుకు వెతుక్కున్నారు. ఆ మిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డ లేవకుండా ఉండాలని నల్లమందు కలిపిన ‘బాలగోళీ’ మింగించేవారు. బ్రిటిష్ పాలనలో కార్మికుల స్థితిని పరిశీలించిన విట్లీ కమిషన్ 1931 నివేదిక ఈ నల్లమందు సంగతి ఎత్తి, 250 మంది లేదా అంతకు మించి ఆడవాళ్లు పనిచేసే చోట శిశుగృహం ఉండాలంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించితే శిశుగృహం ఉండాలంది, 1976 సవరణ ఆ లెక్కను 30కి దించింది. ఆ చట్టం కింద రాష్ట్రాలు రాసుకున్న నిబంధనలు ఒక్కో బిడ్డకు 20 చదరపు అడుగుల జాగా, ఒక తొట్టి లేదా ఊయల, పక్కబట్టలు, పాలు అన్నీ లెక్కగట్టాయి. అందులో బిడ్డను ఎలా పడుకోబెట్టాలన్న మాటే లేదు. చట్టం తొట్టిని చూసింది, నిద్రను చూడలేదు.

ఫ్యాక్టరీ గేటు బయట కట్టడాల కూలీలకు చాలాకాలం అదీ లేదు. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు లేబర్, అంటే మహబూబ్‌నగర్ వలస కూలీల పిల్లలు మట్టికుప్పల పక్కనే పడుకున్నారు. 1969లో ఢిల్లీలో సామాజిక కార్యకర్త మీరా మహదేవన్ కట్టడాల దగ్గరే మొబైల్ క్రెష్ (సంచార శిశుగృహం) తెరిచారు. 50 మందికి మించి మహిళలున్న నిర్మాణ స్థలాల్లో పిల్లల గది ఉండాలని చట్టం చెప్పింది 1996లో. ఉపాధి హామీ పనుల్లో ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే ఒక కూలీని వాళ్లను చూసుకోవడానికే పెట్టి కూలి ఇవ్వాలని 2005 చట్టం చెప్పింది. 1975లో వచ్చిన అంగన్‌వాడీల బడి మూడేళ్లు నిండినవారికే.

తెలంగాణలో 2017లో మొదలైన, ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లులకిచ్చిన కేసీఆర్ కిట్‌లో దోమతెరతో చిన్న పరుపు ఉండేది. బల్లపరుపుగా ఉన్న ఆ పక్క, వంగిన చీర కన్నా పసికందుకు మేలు. 2022లో వచ్చిన కేంద్ర పాల్నా పథకం అంగన్‌వాడీలోనే శిశుగృహం పెట్టమంటుంది, కానీ ఆరు నెలలు నిండిన పిల్లలకే. నిద్రలో హఠాత్తుగా పోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది రెండో నెల నుంచి నాలుగో నెల దాకా. ఆ నెలల్లో బిడ్డ దగ్గరే ఉండేందుకు కనీసం పది మంది పనిచేసే సంస్థల్లోని తల్లికి 2017 నుంచి 26 వారాల దాకా జీతంతో కూడిన సెలవుంది. రోజు కూలికి పూలు కోసే ఆమెకు ఆ సెలవు వర్తించదు.