మూసెయ్యని ఫైలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. సర్వీసు జ్ఞాపకాలో, డి.ఏ. బకాయిల సంగతో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. నేను ఎంచుకున్నది ఆకాశం సంగతి. అయితే ఇందులోనూ ఒక ఫైలు ఉన్నది గనుక సభ్యులకు పరాయిగా తోచదు.

1963 ఆగస్టులో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ అణుపరీక్షల నిషేధ ఒడంబడికపై సంతకాలు చేశాయి. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో బాంబు పేల్చరాదన్నది షరతు. సంతకం చేసినంత మాత్రాన నమ్మకం కుదురుతుందా? అందుకని అదే ఏడు అక్టోబరు నుంచి అమెరికా వేలా అనే కాపలా ఉపగ్రహాలను జంటలుగా పంపింది. భూమికి లక్ష కిలోమీటర్ల పైన, కక్ష్యలో అటొకటి ఇటొకటి తిరిగేవి. గామా కిరణాలను మన వాతావరణం మింగేస్తుంది, నేల మీద కూర్చుని చూడలేము. అందువల్ల ఉపగ్రహంలో సీజియం అయొడైడ్ స్ఫటికాలు అమర్చారు. గామా కిరణం తగిలితే స్ఫటికం మినుకుమంటుంది. ఆ మినుకులను లెక్కపెట్టడమే కొలత.

లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఆ లెక్కలు చూసినవారు రే క్లెబెసాడెల్. బాంబు అని తేలనివి, అర్థం కానివి వస్తే ఆయన పారెయ్యలేదు, విడిగా దాచారు. 1969లో ఆయన, రాయ్ ఓల్సన్ కలిసి పాత కాగితాలు తిరగేస్తూ చేత్తో పోల్చి చూస్తుండగా 1967 జూలై 2 నాటి లెక్క దొరికింది. బాంబైతే భగ్గుమని లేచి వరసగా తగ్గిపోవాలి. ఇది లేచి, తగ్గి, మళ్ళీ లేచింది. ఆనాడు చెప్పుకోదగ్గ సౌరజ్వాల కూడా లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను గుమాస్తాగా చేరింది 1973లో. ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అంటే ఏమిటో మన సభ్యులకు వివరించనక్కరలేదు. చేరిన కొత్తలో, నెలాఖరుకు పెండింగు జాబితా తగ్గించుకోవాలన్న ఆత్రంతో ఒక ముసలమ్మ అర్జీని ‘వివరాలు చాలవు’ అని నోటు రాసి ఎల్.డిస్. చేశాను. గడువు తీరాక కట్టలు తగలబెట్టారు. ఆ తరువాత ఆమె కొడుకు వచ్చి, ‘అయ్యా, దానికి జతపరచిన మా నాయన అసలు కాగితం ఇప్పించండి’ అన్నాడు. చూపడానికి నా దగ్గర రిజిస్టరులో ఒక నంబరు మాత్రమే ఉంది. క్లెబెసాడెల్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ అబ్బాయే గుర్తుకు వచ్చాడు.

సరే, ఆ మెరుపు ఎటునుంచి వచ్చింది? ఒక ఉపగ్రహానికి ముందు తాకి, అవతలి దానికి కొంచెం ఆలస్యంగా తాకితే దిక్కు తేల్చవచ్చు. కాని ఆ దూరాన్ని గామా కిరణం సెకనులోపే దాటేస్తుంది. మొదటి జంటల గడియారాలకు అంత నిశితం లేదు. 1969, 1970లలో పంపిన వేలా 5, 6 జంటలు సెకనులో 64వ వంతును గుర్తించగలిగాయి. అప్పుడు తేలింది, ఈ మెరుపులు భూమివీ కావు, సూర్యుడివీ కావు అని. 1969 జూలై నుంచి 1972 జూలై దాకా దొరికిన 16 మెరుపులతో క్లెబెసాడెల్, ఇయాన్ స్ట్రాంగ్, ఓల్సన్ 1973 జూన్‌లో పత్రం ప్రకటించారు. మిలిటరీ రహస్యమని అన్నాళ్ళు తొక్కిపెట్టారన్న కథ ఒకటి చెలామణీలో ఉంది. నాకది నమ్మబుద్ధి కాదు. గట్టిగా తేల్చుకొని చెప్పాలంటే అంత కాలం పడుతుంది.

దిక్కు తెలిసినా దూరం తెలియలేదు. 1991లో ఎగిరిన కాంప్టన్ అబ్జర్వేటరీ మూలమూలనా ఒకటి చొప్పున 8 పరికరాలతో తొమ్మిదేళ్ళలో 2,704 విస్ఫోటనాలు నమోదు చేసింది. అవి ఆకాశమంతా సమానంగా పరచుకొని ఉన్నాయి, పాలపుంత పట్టీ వెంబడి గుమిగూడలేదు. 1997 ఫిబ్రవరి 28న బెప్పోసాక్స్ అనే ఇటలీ, నెదర్లాండ్స్‌ల ఉపగ్రహం విస్ఫోటనం ఆరాక మిగిలిన ఎక్స్‌రే వెలుగును పట్టుకొని చోటు చెప్పింది. అదే ఏడు మే నెలలో వచ్చిన మరొకదాని దూరం కొలిస్తే వందల కోట్ల కాంతి సంవత్సరాలని తేలింది. పెద్ద నక్షత్రాలు కూలినప్పుడు దీర్ఘమైనవీ, న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు సాధారణంగా 2 సెకన్లలోపువీ వస్తాయని ఇప్పటి లెక్క. దీనికి మినహాయింపులూ కనబడ్డాయి.

మన శ్రీహరికోటకూ ఇందులో వాటా ఉంది. 1994 మే 4న అక్కడి నుంచి వెళ్ళిన స్రోస్-సి2లో గామా విస్ఫోటనాలను కొలిచే పరికరం ఒకటి పెట్టారు. 2015 సెప్టెంబరు 28న వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఇలాంటివి వందల సంఖ్యలో పట్టింది.

2022 అక్టోబరు 9న వచ్చినదాన్ని శాస్త్రజ్ఞులు ఇంతవరకు కొలిచినవాటిలోకెల్లా ప్రకాశవంతమైనదిగా లెక్కించారు. అది బయలుదేరి దాదాపు 200 కోట్ల సంవత్సరాలైంది. తీరా వచ్చేసరికి ఫెర్మి ఉపగ్రహం పరికరాలు ఆ ధాటికి లెక్క తప్పాయి. తప్పిన భాగాన్ని తరువాత కూర్చుని, మిగిలిన అంకెల నుంచి తిరిగి కట్టుకోవలసి వచ్చింది.