నిజం నుండి ఆధిక్యానికి: ఆంగ్ల ‘వెరీ’ పదచరిత్ర

నేటి ఆంగ్లంలో ‘వెరీ’ అనే క్రియావిశేషణానికి స్వతంత్రార్థం దాదాపు లేదు. విశేషణం ముందు చేరి తీవ్రతను పెంచడమే దాని పని. అయితే ఈ పదం మొదట విశేషణం. దాని అర్థం ‘నిజమైన’. లాటిన్‌లోని సత్యార్థక ‘వేరుస్’ కుటుంబానికి చెందిన ప్రాచీన ఫ్రెంచి పదం, 1066 నాటి నార్మన్ విజయం తరువాతి కాలంలో ఆంగ్లంలోకి వచ్చింది. ‘వెర్డిక్ట్’, ‘వెరిఫై’ దీని సోదర పదాలే. వాటిలో సత్యార్థం నిలిచింది, దీనిలో కరిగిపోయింది.

అంతకుముందు ఆంగ్లంలో ఆధిక్యబోధకం లేకపోలేదు. ప్రాచీనాంగ్లంలో ‘బలంగా’ అనే మూలార్థం గల ‘స్విథె’ ఆ పని చేసేది. మధ్యాంగ్లంలో ‘నిండుగా’ అనే అర్థం గల ‘ఫుల్’ విరివిగా వాడుకలో ఉండేది. చాసర్ కాలానికి, అంటే 14వ శతాబ్ది చివరకు, ‘వెరీ’ ఇంకా ప్రధానంగా విశేషణమే. ఒకే నామం ముందు రెండు విశేషణాలు వరుసగా నిలిచినచోట మార్పుకు వీలు కలిగింది. ‘నిజమైన, ఉత్తముడైన వీరుడు’ అన్న కూర్పును ‘నిజంగా ఉత్తముడైన వీరుడు’ అనీ అన్వయించుకోవచ్చు. మొదటి విశేషణం రెండవదానికి విశేషకమైంది. అక్కడి నుండి ‘మిక్కిలి’ అన్న అర్థానికి దూరం స్వల్పం. 16వ శతాబ్దిలో ఈ ప్రయోగం బాగా వ్యాపించింది.

నిశ్చయార్థకాలే ఇలా మారతాయనుకోరాదు. జర్మన్ ‘జేర్’ మూలార్థం ‘బాధగా’. తెలుగు ‘చాలా’ సరిపోవడాన్ని తెలిపే ‘చాలు’ ధాతువు నుండి వచ్చింది. ‘తెగ నవ్వాడు’లోని ‘తెగ’కు మూలం ‘తెగు’. తెగిపోయినదేదీ ఆ నవ్వులో లేదు! నేటి యువత ‘బీభత్సంగా ఉంది’ అని మెచ్చుకోవడమూ ఈ కోవలోనిదే.

పాత అర్థం పూర్తిగా చెరిగిపోకపోవడమే అనువాదకునికి చిక్కు. 1549 నాటి ఆంగ్ల ప్రార్థనా గ్రంథంలోని నైసీన్ విశ్వాస ప్రమాణంలో దేవునికి విశేషణంగా ఉన్న ‘వెరీ’కి ‘నిజమైన’ అన్నదే సరైన తెలుగు. ‘చాలా’ అక్కడ అసంగతం. నేటి ఆంగ్లంలోనూ ‘ఆ క్షణంలోనే’, ‘ఆ ఊళ్లోనే’ అన్న భావాలకు ‘వెరీ’ వాడతారు. అక్కడ తెలుగులో ప్రత్యేక పదమే అక్కరలేదు. అవధారణార్థకమైన ఏకారం చాలు. ద్విభాషా నిఘంటువు ‘మిక్కిలి’ అన్న అర్థాన్ని మొదట ఇచ్చి మిగిలినవాటిని చివరకు నెట్టడం వాడుక దృష్ట్యా సమంజసమే కావచ్చు గాని, పాత గ్రంథాలు చదివేవారికి ఆ క్రమం తలకిందులుగా ఉండటమే మేలు.