నాన్న కారు నాడి

మా ఇంటికి నాలుగడుగుల దూరంలో బన్సీలాల్‌పేట్ మెట్లబావి ఉంది. పదిహేడో శతాబ్దం నాటిదంటారు. ఏళ్ల తరబడి చెత్తలో పూడిపోయిన దాన్ని తవ్వి, బాగుచేసి, 2022 డిసెంబరులో మళ్లీ తెరిచారు. అప్పట్నుంచీ ఆదివారం వచ్చిందంటే చూడవచ్చేవాళ్ల సందడే సందడి. సరిగ్గా ఆ సందడి మధ్యలో మా నాన్న కారు మొండికేసింది. తాళంచెవి తిప్పితే టక్కుటక్కుమని ఊరుకుంది. బావి చూడ్డానికొచ్చిన కాలేజీ పిల్లలే దిగి తోశారు. తొయ్యబోయేముందు ఒకమ్మాయి దానికి ఫొటో కూడా తీసింది. ఇదీ పురాతన కట్టడమే అనుకుందో ఏమో!

అది 1998 నాటి మారుతి 800. నేను బి.ఏ. చదువుతుండగా నాన్న కొన్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. పండగనాడు దాని ముందు సీట్లో కూర్చుని గుడికి వెళ్లొస్తే తప్ప అమ్మకు పండగలా ఉండదు. షాపుకి చేరిస్తే, ఆ షాపాయన బానెట్ ఎత్తి పెదవి విరిచాడు. ‘బ్యాటరీ పోయింది, ఆల్టర్నేటర్ పోయింది, అసలు బండే అయిపోయింది మేడమ్, తుక్కుకిచ్చెయ్యండి’ అన్నాడు. ఆ మాట అమ్మ చెవిన పడనే పడింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేస్తే, ‘నేనో చిన్న పెట్టె పంపిస్తాను. డ్యాష్‌బోర్డు కింద గుచ్చావంటే రోగమేమిటో బండే చెబుతుంది’ అన్నాడు. పెట్టె వచ్చింది. టార్చిలైటు పట్టుకుని, కొంగు నడుముకి చుట్టి, కారులో తలకిందులుగా దూరాను. నాన్న పెట్రోలు లెక్కలు రాసుకున్న చిన్న పుస్తకం దొరికింది గానీ, పెట్టె గుచ్చే చోటు మాత్రం కనబడలేదు. అదే పెట్టె మావారి 2015 నాటి కారుకి ఠక్కున అమరింది! ఎందుకిలా అని నాలుగు రోజులు చదువుతూ కూర్చున్నాను. నవల ఆగిపోతే ఆగిపోయిందిలెండి.

ఈ కథ మొదలైంది అనాసపండు దగ్గరంటే నమ్ముతారా? కాలిఫోర్నియాలో హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అనాసపండు వాసనలో ఏమేముంటాయోనని పరిశోధించేవాడు. లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్మేస్తూ కళ్లు మండించే పొగమంచు సంగతి ఆయన్ని చూడమన్నారు. కార్ల పొగ మీద ఎండ పడితే జరిగే రసాయన క్రియ వల్లే ఈ మంట అని 1950ల తొలిరోజుల్లో తేల్చాడాయన. దాంతో చట్టాలొచ్చాయి. చట్టానికి లొంగాలంటే పెట్రోలూ గాలీ కొలిచి కలపాలి, అందుకని కార్లలోకి కంప్యూటర్ చేరింది. 1980లలో జనరల్ మోటార్స్ బండ్లలో రెండు రంధ్రాల్ని చిన్న తీగతో కలిపితే, ఇంజను దీపం మిణుకుమిణుకుమనేది. ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టుకుని పుస్తకంలో రోగం పేరు చూసుకోవాలన్నమాట!

బండి తన పొగ సంగతి తానే కనిపెట్టుకోవాలని కాలిఫోర్నియా 1988 మోడళ్లనుంచి నియమం పెట్టింది. అయితే ఒక్కో కంపెనీది ఒక్కో భాష. 1996 మోడళ్లనుంచి అమెరికా అంతటా ఒకే రకం పదహారు రంధ్రాల సాకెట్టు, ఒకే రకం సంకేతాలు వచ్చాయి. ఓబీడీ-2 అంటే అదే. మన దగ్గర భారత్ స్టేజ్-4 నిబంధనలు 2010 ఏప్రిల్‌లో మన జంటనగరాలతో సహా పదమూడు నగరాల్లో మొదలయ్యాయి. ఓబీడీ మొదటి దశ అప్పుడే వచ్చింది. రెండో దశ 2013 ఏప్రిల్‌లో. మా నాన్న కారులో ఉన్నది కార్బ్యురేటర్. దానికి నోరే లేనప్పుడు ఏ పెట్టెకి మాత్రం ఏం చెబుతుంది?

కనుక ఇంట్లోకి సాధనం కొనేముందు ఆర్.సి. పుస్తకంలో బండి పుట్టిన సంవత్సరం చూసుకోవాలి. 2013 తర్వాతిదైతే చవక పెట్టె చాలు. కాకపోతే వీటిలో చాలామట్టుకు కెనడాలో పుట్టిన ఇ.ఎల్.ఎం.327 అనే చిప్పుకి నకళ్లే, బాగున్నది దొరకడం మన అదృష్టం. ఇంజక్షన్ వచ్చాక, 2010కి ముందు పుట్టిన బండ్లతోనే పేచీ. కంప్యూటర్ ఉంటుంది గానీ కంపెనీ భాషే మాట్లాడుతుంది. ఆ మోడల్ పేరు స్పష్టంగా రాసివున్న స్కానరే కొనాలి, లేకపోతే డబ్బు దండగ. ఇంకో సంగతి, పెట్టె చెప్పేది రోగలక్షణమే. పి0171 అని వస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం. చిరిగిన గొట్టం వల్లో, నీరసించిన పంపు వల్లో మనమే వెతుక్కోవాలి.

మరి నోరులేని బండికో? పక్కవీధిలో నాన్న స్నేహితుడొకాయన ఉన్నారు, రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. ‘మల్టీమీటరు కొనుక్కో అమ్మాయీ, తర్వాత వాక్యూమ్ గేజి’ అన్నారు. గేజి ముల్లు సముద్రమట్టం దగ్గర పదిహేడు నుంచి ఇరవైరెండు అంగుళాల మధ్య నిలకడగా ఉండాలట. మన ఊరు పదిహేడువందల అడుగులకి పైన ఉంది కాబట్టి ఒకటి రెండు అంగుళాలు తగ్గితే కంగారు పడనక్కర్లేదట. స్పార్క్‌ప్లగ్ విప్పితే బిస్కెట్ రంగు ఉంటే ఆరోగ్యం, మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే వేడి ఎక్కువ.

ఆయనే వచ్చి, అరువు బ్యాటరీతో స్టార్ట్ చేయించి, మీటరు పెట్టారు. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు. బాగానే ఉంది కదా! అదే బ్యాటరీ దగ్గరకొచ్చేసరికి 12.7. మధ్యలో వోల్టున్నర ఎక్కడ పోయింది? ఇంజనుకీ బ్యాటరీ మైనస్ కొసకీ మధ్య పెడితే అంతా అక్కడే దొరికింది. ఎర్త్ తీగ బోల్టు దగ్గర పచ్చగా చిలుమెక్కి ఉంది. పోయిందన్న ఆల్టర్నేటర్ నిక్షేపంలా ఉంది, బ్యాటరీ ఛార్జి పెడితే కోలుకుంది. రాణీగంజ్‌లో కొత్త తీగ కొనుక్కొచ్చి బిగించాం. షాపాయన మోసగాడని అననుగానీ, మీటరు మాత్రం పెట్టి చూడలేదు.

‘మీ నాన్న సాధనం నీ దగ్గరే ఉందిగా’ అన్నారాయన, సీటు మీద పడివున్న ఆ పుస్తకం చూపించి. ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు, వరుసగా ఏళ్ల తరబడి లెక్క. మైలేజీ తగ్గిన నెల పక్కన ఎర్రసిరా గీత, దాని కింద ‘ఎయిర్ ఫిల్టర్’ అనో ‘ప్లగ్గులు’ అనో ఒక్కమాట.

మర్నాడు అమ్మని గుడికి తీసుకెళ్లి, దారిలో పెట్రోలు పోయించాను. బంకు దాటుతుండగా అమ్మ అడిగింది:

‘ఎన్ని లీటర్లో రాశావుటే?’