పేరు చెప్పుకున్న నాడు

న్యూఢిల్లీలోని అశోకా రోడ్డు తెలుగువారికి చిరపరిచితమైనది. ఒకటవ నెంబరు ప్రాంగణంలోని ఆంధ్రభవన్ అందుకు కారణం. అదే రోడ్డుపై భారత ఎన్నికల సంఘం కార్యాలయమైన నిర్వాచన్ సదన్ ఉంది. మహిళ తన గొంతుతో తన మాట చెప్పుకోవడం నేర్చిన చరిత్రలో ఈ సంస్థకు విశిష్ట స్థానం ఉంది.

1951-52లో జరిగిన ప్రథమ సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితాలు తయారుచేసే వేళ ఒక విచిత్ర సమస్య ఎదురైంది. ఉత్తర భారతంలోని పలు ప్రాంతాలలో స్త్రీలు తమ పేర్లు చెప్పలేదు. ‘ఫలానావారి భార్యను’, ‘ఫలానావాని తల్లిని’ అని మాత్రమే నమోదు చేయించుకున్నారు. పరపురుషునికి పేరు చెప్పరాదన్నది నాటి ఆచారం. పేరు లేనిదే ఓటరుకు గుర్తింపు లేదని ప్రథమ ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిశ్చయించారు. ఫలితంగా దాదాపు 8 కోట్ల మహిళా ఓటర్లలో సుమారు 28 లక్షల మంది జాబితాకు ఎక్కలేదు.

ఈ నిర్ణయం కఠినమైనదే. తరతరాల ఆచారానికి మూల్యం ఆ స్త్రీలే చెల్లించారు. అయితే, మరొకరి పేరు చాటున నమోదైన ఓటు ఆమె సొంత ఓటు కాగలదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆంక్ష ఒక్కటే గొంతునివ్వదు. అడిగేవారు, నేర్పేవారు, విని గౌరవించేవారు కూడా కావాలి.

ఇందుకు ఒక తెలుగు మహిళ జీవితమే నిదర్శనం. ఈ జాబితాల పని ఆరంభమైన 1948లో, అశోకా రోడ్డుకు సమీపాననే ఉన్న రాజ్యాంగ సభలో దుర్గాబాయి నిర్భయంగా ప్రసంగిస్తున్నారు. ఆ ధైర్యం ఒక్కనాటిది కాదు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శనలో స్వచ్ఛంద సేవికగా ఉన్న ఆ బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ద్వారం వద్ద నిలిపివేసింది. ఉప్పు సత్యాగ్రహంలో కారాగారవాసం అనుభవించాక, ఆగిన చదువు కొనసాగించి న్యాయవాది అయ్యారు. తాను నేర్చినది తనతోనే ఆగరాదని 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనారు. చదువు మధ్యలో మానిన వయోజన స్త్రీలకై ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యాకోర్సులు ప్రారంభించింది.

పేరు చెప్పుటకు సంకోచించిన స్త్రీల ఓట్లు తొలగిన నాలుగు దశాబ్దాలకు, 1990 నవంబరు 26న, పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో జన్మించిన వి.ఎస్. రమాదేవి ప్రధాన ఎన్నికల కమిషనర్ బాధ్యతలు స్వీకరించారు. ఆ పదవి నధిష్ఠించిన తొలి మహిళ ఆమె. పదవీకాలం డిసెంబరు 11 వరకే అయినా, ఆ ఘట్టం ప్రాధాన్యం స్వల్పమైనది కాదు. ఒకనాడు స్త్రీని ‘నీ పేరేమి?’ అని అడిగిన సంస్థకు ఒక స్త్రీ పేరే శిరోభాగాన నిలిచింది.

నేటికీ పల్లెలో ఒక ఇల్లాలిని పలకరిస్తే, ‘ఫలానావారి కోడలిని’ అన్న సమాధానం వినిపించవచ్చు. అక్కడితో ఆగక, ‘మీ పేరేమిటమ్మా?’ అని మరొక్కమారు ఆదరంగా అడగడం మన బాధ్యత.