సాధారణ మానసిక రుగ్మతలు: లక్షణాలు, వర్గీకరణ, చికిత్స

ప్రత్యేక వ్యాసం

పరవాడ: జ్వరం వచ్చిన మనిషి రెండవ రోజునే వైద్యుని వద్దకు వెళ్తాడు. అదే మనిషి నెలల తరబడి నిద్ర లేక, ఆకలి లేక, ఏ పనిపైనా మనసు నిలవక బాధపడుతున్నా వైద్యం గురించి ఆలోచించడు. ఇంటివారు దానిని సోమరితనమనో, దిష్టి అనో, చిల్లంగి అనో భావించి కాలయాపన చేస్తారు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. రుగ్మతను బట్టి వీరిలో 70 నుండి 92 శాతం వరకు చికిత్సకు దూరంగా ఉన్నారు. 12 రాష్ట్రాలలో జరిగిన ఈ సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినప్పటికీ జబ్బుకు, వైద్యానికి మధ్య గల ఈ దూరం రాష్ట్రంలోని అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన విషయం.

పరవాడ నేపథ్యం

2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోను, అటు తరువాత అనకాపల్లి జిల్లాలోను భాగమైన పరవాడ మండలంలో వ్యవసాయ గ్రామాలు, ముత్యాలమ్మపాలెం వంటి మత్స్యకార గ్రామాలు, 2000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ పక్కపక్కనే ఉన్నాయి. రాత్రి షిఫ్టులు, కాంట్రాక్టు కొలువులు, సొంత ఊరు విడిచి వచ్చిన కార్మికుల ఒంటరితనం, వేట సాగని రోజుల అప్పులు మనసుపై భారం మోపే అంశాలే. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైన దుర్ఘటన, అదే ఏడాది పరవాడ ఫార్మాసిటీలో జరిగిన ప్రమాదాలు ఈ ప్రాంత ప్రజల జ్ఞాపకంలో నిలిచిపోయాయి. ఇటువంటి కష్టాలు ఎదురైన ప్రతి ఒక్కరికీ మానసిక రుగ్మత రాదు. అయితే అవి రుగ్మతకు దారితీయగల కారణాలలో కొన్ని. వంశపారంపర్యత, మెదడులోని రసాయనాల మార్పులు, బాల్య అనుభవాలు, మద్యం, శారీరక వ్యాధులు కూడా కారణాలు కాగలవు.

వర్గీకరణ

మానసిక రుగ్మతల వర్గీకరణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ప్రామాణికం. దాని పదవ కూర్పు మానసిక రుగ్మతలకు 'ఎఫ్' అక్షరంతో మొదలయ్యే సంకేతాలను కేటాయించింది. 2019లో ఆమోదం పొందిన పదకొండవ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అమెరికా మనోవైద్యుల సంఘం విడిగా మరొక వర్గీకరణను ప్రచురిస్తున్నది. అవగాహన కొరకు ముఖ్యమైన వర్గాలను ఈ విధంగా పేర్కొనవచ్చు.

1. కుంగుబాటు (డిప్రెషన్): రోజులో అధిక భాగం విచారం, ఇంతకుముందు ఇష్టపడిన పనులపై అనాసక్తి ప్రధాన లక్షణాలు. వీటితోపాటు నిద్ర, ఆకలి తగ్గడం లేదా పెరగడం, నీరసం, ఏకాగ్రత లోపించడం, తాను పనికిరానివాడిననే భావన, మరణాన్ని గూర్చిన ఆలోచనలు ఉండవచ్చు. ఇవి కనీసం రెండు వారాలపాటు కొనసాగి, దైనందిన జీవితాన్ని దెబ్బతీసినప్పుడు దానిని వ్యాధిగా పరిగణిస్తారు.

2. ఆందోళన రుగ్మతలు: కారణం లేకుండా, లేదా కారణానికి మించి, నెలల తరబడి కొనసాగే దిగులు ఒక రకం. ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతున్నదన్న భయం కలగడం పానిక్ రుగ్మత లక్షణం. గుండెపోటు అనుకొని అత్యవసర విభాగానికి పరుగెత్తేవారిలో కొందరిది ఈ సమస్యే. అయితే గుండె జబ్బు లేదని వైద్యులు నిర్ధారించిన పిమ్మటే ఈ నిర్ణయానికి రావాలి.

3. ఓ.సి.డి.: వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, వాటిని అణచుకొనేందుకు చేతులు కడగడం, తాళం సరిచూడడం వంటి పనులను మళ్ళీ మళ్ళీ చేయడం దీని స్వభావం.

4. విపత్తు అనంతర మానసిక రుగ్మత: ప్రాణాపాయ సంఘటనను ఎదుర్కొన్నవారికి ఆ దృశ్యాలు కళ్ళముందు మెదలడం, పీడకలలు, ఆ ప్రదేశానికి వెళ్ళలేకపోవడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడడం వారాలు గడిచినా తగ్గకపోవడం దీని లక్షణాలు.

5. తీవ్ర మానసిక వ్యాధులు: లేని మాటలు చెవిలో వినిపించడం, ఎవరో తనకు హాని తలపెట్టారని గట్టిగా నమ్మడం, పొంతన లేని మాటలు స్కిజోఫ్రీనియాలో కనిపిస్తాయి. బైపోలార్ రుగ్మతలో కొంతకాలం మితిమీరిన ఉత్సాహం, నిద్ర అవసరం లేనంత చురుకుదనం, విచ్చలవిడి ఖర్చు, మరికొంత కాలం కుంగుబాటు ఉంటాయి.

6. మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం కూడా వర్గీకరణలో చేరిన రుగ్మతే. కేవలం నడవడిక లోపం కాదు. వీటితోపాటు బాల్యంలో మొదలయ్యే ఎదుగుదల సమస్యలు, వృద్ధాప్యంలో వచ్చే డిమెన్షియా, వ్యక్తిత్వ లోపాలు వేర్వేరు వర్గాలుగా ఉన్నాయి.

మొదటి రెండు వర్గాలను వైద్యులు 'సాధారణ మానసిక రుగ్మతలు' అని వ్యవహరిస్తారు. సాధారణం అనగా ఎక్కువమందిలో కనిపించేవని అర్థమే గాని, తేలికైనవని కాదు.

శరీరం ద్వారా పలికే బాధ

గ్రామీణులు 'మనసు బాగులేద'ని వైద్యునితో చెప్పడం అరుదు. తలపోటు, ఒళ్ళు నొప్పులు, కడుపులో మంట, నీరసం అని చెబుతారు. పరీక్షలలో ఏమీ తేలనప్పుడు మనసును గూర్చి కూడా విచారించవలసి ఉంటుంది. గడచిన రెండు వారాలలో విచారంగా ఉన్నారా, పనులపై ఆసక్తి తగ్గిందా అనే రెండు ప్రశ్నలతో ఆరోగ్య కార్యకర్త కూడా కుంగుబాటును ప్రాథమికంగా పసిగట్టవచ్చు. ఇందుకు భిన్నంగా, థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటి శారీరక సమస్యలు కుంగుబాటు మాదిరిగా కనిపించగలవు. కొన్ని పారిశ్రామిక ద్రావకాలను దీర్ఘకాలం పీల్చినవారిలో మతిమరుపు, చిరాకు కలిగే అవకాశం ఉన్నందున రసాయన పరిశ్రమల కార్మికులను వారు చేసే పనిని గూర్చి అడిగి తెలుసుకోవడం అవసరం.

చికిత్స, సేవలు

కుంగుబాటుకు వాడే మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. గుణం కనిపించిన వెంటనే మానివేస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉన్నందున ఆ తరువాత కూడా కొన్ని నెలలు కొనసాగించవలసి ఉంటుంది. ఆలోచనా ధోరణిని సరిదిద్దే మాటల చికిత్స కూడా ఫలితమిస్తుంది. భయం చూపి, కొట్టి, కట్టివేసి నయం చేయడం అనేది లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్ని ప్రమాదం సంభవించినప్పుడు గొలుసులతో బంధింపబడిన 28 మంది రోగులు తప్పించుకోలేక మరణించడం ఇందుకు విషాద నిదర్శనం.

విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం మద్రాసు రాజధాని కాలం నాటిది. 1923లో ప్రారంభమైన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఇది బోధనాసుపత్రిగా సేవలందిస్తున్నది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోను, జిల్లా కార్యక్రమం 1996లోను ఆరంభమయ్యాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ ద్వారా 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి ఏ వేళనైనా తెలుగులో సలహా పొందవచ్చు. ఆత్మహత్య ఆలోచనలు వ్యక్తం చేసే వ్యక్తిని ఒంటరిగా వదలక వెంటనే వైద్యసహాయం అందించాలి.

చట్టం, పత్రికల బాధ్యత

2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. రోగులను గొలుసులతో కట్టివేయడాన్ని, మత్తు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడాన్ని నిషేధించింది. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకు కూడా బీమా వర్తింపజేయాలని నిర్దేశించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి సంరక్షణ, పునరావాసం కల్పించవలసిన బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది.

ఇదే చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను గాని, వివరాలను గాని ఆ వ్యక్తి సమ్మతి లేనిదే మీడియాకు విడుదల చేయరాదు. ఆత్మహత్యల వార్తలలో పద్ధతిని వివరించరాదని, ప్రముఖంగా ప్రచురించరాదని భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలను స్వీకరించింది. 'పిచ్చివాడు', 'సైకో' వంటి పదాలు రోగిని వైద్యునికి మరింత దూరం చేస్తాయి. వార్త చివర 14416 నంబరును చేర్చడం వలన ఆ వార్తను చదివే ఒక వ్యక్తికైనా సకాలంలో సహాయం అందే అవకాశం ఉన్నది.